పాత ఇంటి టైళ్లు, పోత ఇనుప రెయిలింగులు: విప్పడం, బాగుచేయడం, తిరిగి బిగించడం

హైదరాబాద్‌లో ఒక పాత దేవిడీ (నవాబుల కాలపు పెద్ద భవంతి) కూల్చుతున్నారని తెలిస్తే ముందు టేకు తలుపులు కొనేవాళ్లు వస్తారు. వెనకే ఇనుము తూకానికి కొనేవాళ్లు వస్తారు. నేల టైళ్ల కోసం మాత్రం దాదాపు ఎవరూ రారు. అవి మట్టితో పాటు ట్రాక్టరెక్కి వెళ్లిపోతాయి. నూట ముప్పై ఏళ్లు అరగకుండా నిలిచిన వస్తువు ఒక్క మధ్యాహ్నంలో పలుగుపోటుకు ముక్కలవుతుంది. ఇలాంటి ఇల్లు మీ చేతిలో ఉన్నా, అలాంటి ఇంటి నుంచి సామాను తీసుకునే అవకాశం వచ్చినా ఏం చేయాలో, ఏది చేయకూడదో ఇక్కడ ఉంది.

1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడింది. బొంబాయి రేవులో దిగిన బరువైన సరుకు ఎడ్లబండ్ల అవసరం లేకుండా ఇక్కడికి చేరే దారి ఏర్పడింది. ఫలక్‌నుమా ప్యాలెస్ పని మొదలైన 1884 నాటికి ఇంగ్లండ్ టైళ్ల కంపెనీలు, స్కాట్లండ్ పోత ఇనుప కార్ఖానాలు నంబర్లు వేసిన కేటలాగులు అచ్చువేసి ప్రపంచమంతా అమ్ముతున్నాయి. గ్లాస్గోలో వాల్టర్ మెక్‌ఫార్లేన్ నడిపిన సారసెన్ ఫౌండ్రీ వీటిలో పెద్దది. మైసూరు ప్యాలెస్ పోత ఇనుప స్తంభాలు అక్కడివే. టైళ్లలో స్టోక్ ఊరి మింటన్, ష్రాప్‌షైర్‌లోని మా అండ్ కంపెనీ, జాక్‌ఫీల్డ్‌లోని క్రేవెన్ డనిల్ పేర్లు వెనక వైపు కనిపిస్తాయి.

టైలుకైనా ఇనుముకైనా గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే. అతుకు అసలు వస్తువు కన్నా మెత్తగా ఉండాలి. టైలు కింద సున్నం, కంబం అడుగున సీసం పెట్టింది అందుకే. ఇల్లు కాస్త కదిలినా, ఎండకు ఇనుము సాగినా ముందు నలిగేది అతుకే. అతుకు మళ్లీ వేసుకోవచ్చు, టైలు మళ్లీ దొరకదు. మనవాళ్లు రెండు చోట్లా సిమెంటు కుక్కుతున్నారు. అప్పుడు అతుకు నిలిచి వస్తువు పగులుతోంది.

ముందు అది ఏమిటో తేల్చుకోండి

పాతగా కనిపించే పూల టైళ్లన్నీ ఒక జాతివి కావు. నేల మీద మూడు రకాలు దొరుకుతాయి.

మొదటిది ఎన్‌కాస్టిక్ టైలు. దీని మీది డిజైను పూత కాదు. ఒక రంగు మట్టి పలకలో అచ్చుతో గుంటలు చేసి, వాటిలో వేరే రంగు మట్టి నింపి కాల్చినది. ఆ నింపుడు సుమారు 3 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, అందుకే పైన అరిగినా పువ్వు అలాగే ఉంటుంది. మామూలు కొలత 6 అంగుళాల చదరం, మందం అర అంగుళం నుంచి అంగుళం. వెనక వైపు గుండ్రటి గుంటలు గాని, గాడులు గాని, కంపెనీ పేరు గాని ఉంటాయి.

రెండోది జ్యామితి టైలు. ఒకే రంగు, మెరుపు పూత లేదు. నలుపు, బఫ్ (లేత గోధుమరంగు), ఎరుపు, తెలుపు ముక్కలు కలిపి నక్షత్రాలు, గడులు పేరుస్తారు. పొడిమట్టిని ప్రెస్‌లో ఒత్తి చేసే పద్ధతికి 1840లో రిచర్డ్ ప్రాసర్ పేటెంటు తీసుకున్నాడు. ఆ పద్ధతి వల్లే ముక్కలు అంత కచ్చితంగా వస్తాయి. కొలతల వరుస తెలిస్తే సగం పని తేలిక: 6, 4¼, 3, 2⅛, 1½ అంగుళాలు. చిన్న చదరం కర్ణం దానిపై చదరం భుజానికి సమానం. 4¼ అంగుళాల ముక్క పోయినచోట బజారులో దొరికే 10 సెంటీమీటర్ల టైలు పెడితే ఒక్కో వరుసకు 8 మిల్లీమీటర్లు తగ్గుతుంది. పది వరుసలకు నక్షత్రం మూల దాటిపోతుంది.

మూడోది సిమెంటు టైలు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే. బొంబాయిలో 1922లో మొదలైన భారత్ టైల్స్ వంటి సంస్థల సరుకు, అంటే ఇరవయ్యో శతాబ్దపుది. సాధారణంగా 8 అంగుళాల చదరం, 20 మిల్లీమీటర్ల అటుఇటు మందం. కాల్చరు, ప్రెస్‌లో ఒత్తి నీళ్లలో తడుపుతారు. విరిగిన అంచు చూస్తే పైన కొద్ది మిల్లీమీటర్ల రంగు పొర, కింద బూడిదరంగు సిమెంటు. ఇది తక్కువ వస్తువేమీ కాదు, దాని అందం దానిది. కానీ శుభ్రం చేసే పద్ధతి వేరు కాబట్టి పోల్చుకోవాలి. వెనక వైపు కొత్తగా గీకిన చోట ఒక నిమ్మచుక్క వేయండి. బుసబుస పొంగితే సిమెంటు. కాల్చిన మట్టి పొంగదు. వెనక అంటుకున్న పాత సున్నం కూడా పొంగుతుంది కాబట్టి గీకిన చోటే వేయాలి. ముందు వైపు ఎన్నడూ వేయకండి, మచ్చ పడుతుంది.

గోడల మీద మెరిసే పూత ఉన్న ఉబ్బెత్తు పూల టైళ్లు ఇంగ్లండువి కావచ్చు, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో వచ్చిన జపాన్‌వీ కావచ్చు. వెనక ముద్ర చూస్తే తప్ప చెప్పలేం.

పాతబస్తీలోని బాద్‌షాహీ అషూర్‌ఖానా (మొహర్రం సంతాప మందిరం) గోడల మీద ఉన్న పలకల పని వీటితో సంబంధం లేనిది. అది పదిహేడో శతాబ్దం మొదట్లో కుతుబ్‌షాహీల కాలంలో ఒక్కో రంగు ముక్కను కోసి అతికించిన పని. ఇక్కడ రాసిన ఏ పద్ధతీ దానికి వర్తించదు. 1908 మూసీ వరద తర్వాత దాని కింది భాగంలో పలకలు పోయినచోట రంగు వేసి సరిపెట్టారు. తడి ఏం చేయగలదో చూడాలంటే అక్కడ చూడొచ్చు.

బ్రిటిష్ సరుకు తేదీ చెప్పే ముద్ర ఒకటుంది. 1842 నుంచి 1883 దాకా డిజైను నమోదు చేసుకున్న వస్తువుల మీద వజ్రం ఆకారపు ముద్ర వేసేవారు. పైమూల గుండ్రంలో రోమన్ అంకె ఒకటి ఉంటే లోహం, నాలుగు ఉంటే మట్టి సామాను. ఏడాదిని తెలిపే అక్షరం 1867 వరకు పైమూలలో, 1868 నుంచి కుడిమూలలో ఉంటుంది. 1884 నుంచి వజ్రం పోయి ‘ఆర్‌డి నంబర్’ అనే వరుస సంఖ్య వచ్చింది. అది ఒకటితో మొదలై 1900 నాటికి మూడున్నర లక్షలకు చేరింది. కాబట్టి అయిదు లక్షల నంబరున్న టైలును పందొమ్మిదో శతాబ్దపుదని ఎవరైనా అమ్మితే కొనకండి. ముద్ర డిజైను నమోదైన తేదీనే చెబుతుంది, అదే డిజైను ఎన్నో ఏళ్లు తయారై ఉండవచ్చు.

ఇనుములో ఏది ఏమిటి

పోత ఇనుము, చేత ఇనుము, ఈనాటి ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు), ఈ మూడూ రంగు కింద ఒకేలా ఉంటాయి. బాగుచేసే పద్ధతి మాత్రం మూడింటికీ వేరు. పోత ఇనుము అచ్చులో పోసినది. ఒకే పువ్వు పది ప్యానెళ్లలోనూ తూచినట్టు ఒకేలా ఉంటుంది, పక్కన సన్నటి అచ్చు గీత కనిపిస్తుంది, విరిగిన చోట బూడిదరంగు రవ్వ. చేత ఇనుము కొలిమిలో కొట్టినది. చుట్టల కొసలు సుత్తిదెబ్బలకు పలచబడి ఉంటాయి, ఏ రెండు చుట్టలూ పూర్తిగా కలవవు, తుప్పు బాగా పట్టినచోట చెరకు పీచులా పొరలుగా విడిపోతుంది. కనబడని మూలలో గ్రైండర్ ఒక్క క్షణం ఆనించి నిప్పురవ్వలు చూడండి. పోత ఇనుముకు పొట్టి, మసక ఎర్ర రవ్వలు. చేత ఇనుముకు పొడవాటి గడ్డిరంగు గీతలు, చివర పెద్దగా చీలవు. ఎం.ఎస్. రవ్వలు చివర అక్కడక్కడ చీలుతాయి.

జుమ్మెరాత్ బజార్‌లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో కొంటుంటే అయస్కాంతం జేబులో ఉంచుకోండి. అంటకపోతే అది అల్యూమినియం నకలు. ఆరు పలకల బోల్టులు, కలిపినచోట ఉండల్లా పేరుకున్న వెల్డింగు, అంతటా ఒకే నారింజరంగు పైతుప్పు కనిపిస్తే ఆ వస్తువు కొత్తది కావచ్చు, లేదా బాగా అతికించినది. నిజమైన పాత తుప్పు సందుల్లో దట్టంగా, చేయి తగిలే చోట్ల పలచగా ఉంటుంది.

విప్పేముందు కాగితం పని

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన, కట్టడం నుంచి విడదీసిన వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. మీ ఇంటి టైలు మీ ఇంట్లో మరో గదిలో వేసుకోవడానికి ఇది అడ్డం కాదు. కానీ దాన్ని విదేశాలకు పంపడం నేరం. అలాంటివి అమ్మే వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. ఇల్లు వారసత్వ జాబితాలో ఉంటే తెలంగాణ వారసత్వ చట్టం, 2017 కూడా చూసుకోవాలి. అనుమతి లేకుండా బాల్కనీ రెయిలింగు విప్పినా ఇబ్బందే. కొనేటప్పుడు ఏ ఇంటి నుంచి, ఎప్పుడు, ఎవరు అమ్మారన్నది రాసిన రసీదు అడగండి. ఇవ్వనంటే వదిలేయడం మంచిది. దొంగసరుకు తక్కువ ధరకు వచ్చినా తక్కువది కాదు.

అసలు విప్పాలా అన్న ప్రశ్న ముందే వేసుకోండి. ఇల్లు నిలబడే ఇల్లయితే టైలు ఉన్నచోటే ఉండనివ్వాలి. పదింట రెండు కదులుతున్నాయని గది మొత్తం లేపడం తప్పు. కదిలేవి తీసి వాటి కింద కొత్త సున్నం వేస్తే చాలు.

టైళ్లు లేపడం

ఒక రూపాయి బిళ్లతో ప్రతి టైలునూ తట్టండి. ఖంగుమంటే పట్టు ఉన్నట్టు. డొల్ల శబ్దం వస్తే కింద వదిలిపోయినట్టు. డొల్లవన్నీ గీసిన పటం మీద గుర్తు పెట్టండి. గదిని గడులుగా విభజించి ఫొటోలు తీయండి. ఒక్కో టైలు మీద మాస్కింగ్ టేపు అంటించి దాని మీద వరుస, స్థానం రాయండి. మార్కర్‌తో నేరుగా రాస్తే పూత లేని మట్టి సిరాను పీల్చుకుంటుంది, ఇక రాదు.

మొదలుపెట్టడానికి ఒక టైలును వదులుకోవాలి. ముందే విరిగినదాన్నో, గోడవారన సగం కోసినదాన్నో ఎంచుకోండి. దాన్ని మధ్య నుంచి అంచులకు చిన్న ఉలితో పగలగొట్టి తీస్తే పక్కదాని కింద చేయి పెట్టడానికి చోటు దొరుకుతుంది. తర్వాత:

1. సందుల్లోని పాత సున్నాన్ని హాక్‌సా బ్లేడు ముక్కతో పూర్తి లోతు వరకు గీకండి. టైళ్లు పేర్చినప్పుడు సందు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంచేవారు. గీకకుండా లేపితే పక్క టైలు అంచు పెచ్చు లేస్తుంది. నష్టంలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతుంది.
2. వెడల్పాటి పలచని ఉలిని టైలు కింద కాదు, టైలుకూ కింది గచ్చుకూ మధ్య ఉన్న సున్నపు పొరలోకి దించండి. ఉలి దాదాపు నేలకు ఆని ఉండాలి. చెక్క సుత్తితో చిన్న దెబ్బలు, నాలుగు వైపుల నుంచి.
3. ఒక వైపు ఎత్తి లాగొద్దు. నాలుగు వైపులా వదిలాక తనంతట తనే ఊగుతుంది, అప్పుడు ఎత్తండి.

మొదటి పది టైళ్లలో మూడు కన్నా ఎక్కువ విరిగితే ఆపేయండి. కింద సున్నం కాదు, సిమెంటు ఉన్నట్టు. అప్పుడు ఉలి పనికిరాదు. డైమండ్ బ్లేడు పెట్టిన ఆసిలేటింగ్ మెషీన్‌తో పొరను అడ్డంగా కోయాలి, లేదా గచ్చుతో సహా పెద్ద పలకలుగా కోసి ఎత్తి తర్వాత తీరిగ్గా వెనక వైపు నుంచి చెక్కాలి. పని నాలుగింతలు నెమ్మదిస్తుంది. ఇచ్చిన గడువులో అది సాధ్యం కాకపోతే గది అంతా పాడుచేయడం కన్నా అంచు బార్డరు, మధ్య పతకం (గది నడుమ ఉండే పెద్ద పువ్వు) మాత్రం తీసుకోవడం మేలు.

అర అంగుళం మందం ఉన్న 6 అంగుళాల టైలు సుమారు 650 గ్రాములు. పెట్టెకు ముప్పై పెడితే 20 కిలోలు, ఒక మనిషి మోయగలడు. పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే కిందివి పగులుతాయి. మధ్యలో ఫోము షీటు వేయండి. వార్తాపత్రిక వద్దు, తేమ తగిలితే అచ్చుసిరా మట్టిలోకి దిగుతుంది.

శుభ్రం చేయడం

వెనక అంటుకున్న సున్నం ఒక రోజు మంచినీళ్లలో నానితే మెత్తబడుతుంది, చాకుతో వస్తుంది. యాసిడ్ మాత్రం వద్దు. బాత్రూమ్ కడిగే యాసిడ్ సందుల సున్నాన్ని తినేస్తుంది, మట్టిలోని ఇనుమును కరిగించి పసుపు మరకలు తేలుస్తుంది, సిమెంటు టైలు అయితే రంగు పొరనే తీసేస్తుంది. అప్పటికప్పుడు తెల్లగా కనబడుతుంది కాబట్టి మేస్త్రీలు ఇష్టపడతారు. ఆరు నెలలకు పొడి రాలడం మొదలవుతుంది.

ముఖం మీది మురికికి గోరువెచ్చని నీళ్లు, సబ్బుగుణం తక్కువున్న ద్రవం, నైలాన్ బ్రష్ చాలు. పాత మైనం, నూనె జిడ్డు ఉంటే వైట్ స్పిరిట్ (మినరల్ టర్పెంటైన్)తో తడిపిన గుడ్డ పది నిమిషాలు కప్పి తుడవండి. మెరుపు పూత ఉన్న టైలుకు సన్న బీటలు ఉంటే మురికినీళ్లలో నానబెట్టకండి. బీటల్లోంచి మురికి లోపలికి దిగి గోధుమరంగు సాలెగూడులా నిలిచిపోతుంది.

మన నగరంలో బోరునీళ్లు చాలా చోట్ల గట్టివి. వాటిలో నానబెడితే ఉప్పు తీయడానికి బదులు ఉప్పు ఎక్కిస్తాం. నల్లా నీళ్లో ఆర్‌వో నీళ్లో వాడండి. ఇంట్లో ఆర్‌వో వాళ్లు వాడే, నీళ్లలో కరిగిన ఉప్పు ఎంతో చూపే టీడీఎస్ మీటరు ఇక్కడ మంచి సాయం. టబ్బులో నీళ్లు పోసినప్పుడు రీడింగు రాసుకోండి, మర్నాడు మళ్లీ చూడండి. పెరిగినంతా టైలు లోంచి వచ్చిన ఉప్పే. నీళ్లు మార్చుతూ పొండి. పెరుగుదల దాదాపు ఆగినప్పుడు టైలు సిద్ధం. తర్వాత నీడలో రెండు వారాలు ఆరాలి.

మొజాయిక్ పాలిష్ మెషీన్‌ను ఈ టైళ్ల దగ్గరికి రానివ్వొద్దు. నింపుడు 3 మిల్లీమీటర్లే అని మరచిపోకండి. ఒకసారి సమం చేయడానికి ఒకటిన్నర మిల్లీమీటరు పోతే సగం వయసు పోయినట్టే.

మళ్లీ పరచడం

పొడి సున్నం బస్తా కొని అప్పటికప్పుడు కలపడం కాదు. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేసి ఉడకనిచ్చి, జల్లెడ పట్టి, నీళ్ల కింద కనీసం రెండు వారాలు, వీలైతే నెల నాననివ్వాలి. రాయిని నీళ్లలో వేయాలి గాని రాయిమీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి.

పాళ్లు: సున్నం ముద్ద 1, సుర్ఖీ (ఇటుక పొడి) 1, కడిగిన ఇసుక 2. సుర్ఖీ తక్కువ కాలిన ఇటుకది కావాలి. బాగా కాలి నల్లబడిన ఇటుక పొడి సున్నంతో కలవదు, ఇసుకలా ఉండిపోతుంది. రెండింటి తేడా గోటితో తెలుస్తుంది, పనికొచ్చే ఇటుకను గోరు గీరుతుంది. బెల్లం, కరక్కాయ నీళ్లు కలపడం మన పాత పద్ధతే. వాటి పాలు చేయి తిరిగిన సున్నం మేస్త్రీ చేతిలో బాగుంటుంది, అంచనాతో పోస్తే సున్నం గట్టిపడక బూజు పడుతుంది. అనుభవం లేకపోతే మానేయండి, పైపాళ్లే సరిపోతాయి.

చదరపు అడుగుకు 6 అంగుళాల టైళ్లు నాలుగు. వంద చదరపు అడుగుల గదికి 400, కోతలకూ విరుగుళ్లకూ మరో 40 కావాలి. తక్కువ పడితే అల్మారా కింద, మంచం కింద పడే చోట్లనుంచి తీసి నడవకు వాడండి, అక్కడ సాదా ఎర్రబండ వేయండి. కొత్తవి తెప్పించుకోవాలంటే ఇంగ్లండ్‌లోని జాక్‌ఫీల్డ్‌లో ఇంకా పాత పద్ధతిలో చేస్తున్నారు, ఖర్చు మాత్రం భారీ.

ముందు పొడిగా గది మధ్య నుంచి పరచి చూడండి. రెండు మధ్యగీతలు నూలుతాడుతో లాగి, పతకం సరిగ్గా కూడలిలో పెట్టి, తేడా అంతా బార్డరు వెనకకు నెట్టండి. పాత గచ్చును తడిపి, 20 నుంచి 25 మిల్లీమీటర్ల సున్నపు పొర వేయండి. టైలును ఒక నిమిషం నీళ్లలో ముంచి, పైతడి తుడిచి పెట్టండి. పొడి టైలు సున్నంలోని నీళ్లు తాగేసి పట్టు దొరక్కుండా చేస్తుంది. చెక్కపలక అడ్డం పెట్టి సుత్తితో తట్టి సమం చేయండి. వారం తర్వాత సున్నం ముద్ద, మెత్తని సుర్ఖీ సమపాళ్లలో కలిపి సందులు నింపండి. పది రోజులు గోనెపట్టాలు తడిపి కప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు మూడుసార్లు తడపాలి, లేకపోతే సున్నం ఎండుతుంది గాని గట్టిపడదు. నెలరోజులు బరువైన సామాను వద్దు.

పైన లక్కర్, ఎపాక్సీ, ‘వెట్ లుక్’ సీలరు పూయకండి. నేలలోని తేమ పైకి పోయే దారి మూసుకుంటే ఉప్పు పూత కిందే పేరుకుని టైలు ముఖాన్ని పొరగా లేపుతుంది.

రెయిలింగులు, బ్రాకెట్లు, కంబాలు

వేలు పెట్టేముందు రంగు గురించి. పాత ఇనుము మీద తొలి పొర సీసంతో చేసిన ఎర్ర రంగు కావడం మామూలే, పైపొరల్లోనూ సీసం ఉండొచ్చు. టార్చితో కాల్చడం, పొడిగా గ్రైండర్ పట్టడం చేయొద్దు. సీసపు పొగ, ధూళి పిల్లలకు మరీ ప్రమాదం. జెల్ రూపంలో దొరికే పెయింట్ రిమూవర్ పట్టించి, తడిగా ఉండగానే గీకండి. కింద మందపు ప్లాస్టిక్ పరిచి చెత్తంతా మూట కట్టండి, తోట మట్టిలో పడనివ్వకండి. మాస్కు పీ100 ఫిల్టరుది కావాలి. గీకేముందు ఒక మూలలో అంగుళం వెడల్పున మెట్లమెట్లుగా పొరలు తీసి అడుగున ఏ రంగు ఉందో చూసి ఫొటో తీసుకోండి. నలుపే అసలు రంగని అనుకుంటాం, చాలాసార్లు కాదు.

బోల్టులు విప్పడం ఓపిక పని. చొచ్చుకుపోయే నూనె రెండు రోజులు పట్టించండి. పోత ఇనుమును ఒకేచోట వేడిచేస్తే పగులుతుంది కాబట్టి గ్యాస్ కట్టర్ దగ్గరికి తేవొద్దు. కదలని బోల్టును మధ్యలో డ్రిల్ వేసి తీయండి. ఆ బోల్టులు విట్‌వర్త్ (బీఎస్‌డబ్ల్యూ) అనే పాత బ్రిటిష్ మరవి. అర అంగుళం బోల్టుకు అంగుళానికి 12 చుట్లు. 12 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు ఎక్కినట్టే అనిపించి రెండో చుట్టులో పాత మరను తినేస్తుంది. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ‘బీఎస్‌డబ్ల్యూ’ అని అడగండి. స్టెయిన్‌లెస్ వాడాల్సి వస్తే నైలాన్ వాషరు, గొట్టం వేసి ఇనుముకు తగలకుండా చూడాలి. తగిలితే తడిలో పాత ఇనుమే ముందు తినబడుతుంది.

మట్టిలో, తడిలో ఏళ్ల తరబడి ఉన్న పోత ఇనుము ఆకారం చెడకుండానే లోపల చచ్చిపోతుంది. ఇనుము కరిగిపోయి గ్రాఫైటు మిగులుతుంది. కంబం మొదలును చాకుతో గుచ్చి చూడండి. పెన్సిల్ ముల్లులా దిగితే ఆ భాగం బరువు మోయదు, మార్చాల్సిందే. వరండా కంబాలు కొన్ని లోపల బోలుగా ఉండి వాననీళ్ల గొట్టంగా పనిచేస్తాయి. పైన ఆకులు పూడితే నీళ్లు లోపలే నిలిచి కంబాన్ని లోపలి నుంచి తింటాయి. బయట ఎంత రంగు వేసినా లాభం లేదు, ముందు పూడిక తీయాలి.

విరిగిన పోత ఇనుమును మామూలు ఎం.ఎస్. రాడ్‌తో వెల్డింగు చేస్తే అతుకు పక్కనే గాజులాంటి గట్టి పొర ఏర్పడి చల్లారేటప్పుడు టక్కున పగులుతుంది. వీధి చివరి వెల్డింగు షాపులో సాధారణంగా జరిగేది ఇదే. నికెల్ రాడ్ వాడాలి. ఒకసారికి అంగుళం మించకుండా వేసి, వేడిగా ఉండగా చిన్న సుత్తితో తట్టి, చేయి పెట్టగలిగే వేడికి దిగాక తర్వాతి అంగుళం. పగులు కొసల్లో ముందే 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు. చిన్న ముక్కయితే మొత్తాన్ని కొలిమిలో 500 నుంచి 600 డిగ్రీల దాకా వేడిచేసి అతికి, పొడి బూడిదలో రాత్రంతా పూడ్చి చల్లార్చడం అన్నిటికన్నా నమ్మకం. బరువు మోసే బ్రాకెట్‌కు వేడి లేని లోహపు కుట్టుపని (పగులుకు అడ్డంగా లోహపు బిళ్లలు దించి బిగించడం) మేలు.

లేని ప్యానెల్‌ను పోయించాలంటే బాలానగర్, జీడిమెట్ల వైపు ఫౌండ్రీల్లో అడగవచ్చు. బూడిద పోత ఇనుము, ఐఎస్ 210 ప్రకారం ఎఫ్‌జీ 200 అని రాసివ్వండి. పాత ప్యానెల్‌నే నమూనాగా ఇసుకలో అచ్చు తీస్తే కొత్తది చిన్నదవుతుంది. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు నూటికి ఒక వంతు కుదించుకుంటుంది. 900 మిల్లీమీటర్ల ప్యానెల్ 9 మిల్లీమీటర్లు తగ్గుతుంది, పది వరుసగా పెడితే 9 సెంటీమీటర్ల ఖాళీ. అందుకే నమూనా అంచులకు మైనమో చెక్క పట్టీయో కట్టి ఆ మేరకు పెంచాలి, లేదా ఒకటి రెండు ప్యానెళ్లే అయితే కంబం దగ్గర పలచని పట్టీ వేసి సర్దాలి. ఫైబర్‌తో పోసిన పూలు, కారు పుట్టీతో దిద్దిన ఆకులు వద్దు. ఎండకు అవి ఇనుముతో సమానంగా సాగవు, అంచు విడిచి లోపలికి నీళ్లు పీలుస్తాయి.

కంబాన్ని నల్లరాతిలో నాటడం దగ్గరే ఎక్కువ రాళ్లు పగిలాయి. తుప్పు ఇనుము కన్నా ఆరేడు రెట్ల దాకా చోటు ఆక్రమించగలదు. సిమెంటుతో బిగిస్తే ఉబ్బడానికి చోటు లేక రాయి చీలుతుంది. పాత పద్ధతిలో గుంటలో కంబం చుట్టూ 6 నుంచి 8 మిల్లీమీటర్ల సందు వదిలి కరిగిన సీసం పోసేవారు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గుంటలో ఒక్క చుక్క తడి ఉన్నా ఆవిరై సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. హాట్ ఎయిర్ గన్‌తో గుంటను పూర్తిగా ఆరబెట్టి, బంకమట్టితో అంచు కట్టి, ఒకే ధారగా పోయాలి. చల్లారాక సీసం కుదించుకుంటుంది కాబట్టి మొద్దు ఉలితో చుట్టూ కొట్టి బిగించాలి. దీనిలో అలవాటు లేనివాళ్లకు సీసపు నార (సన్న పోగులుగా చేసిన సీసం) ఉంది. చల్లగానే పొరలుగా కుక్కి కొట్టవచ్చు, ఇళ్లకు అదే సరి. పాత సీసాన్ని తీయడానికి మంట పెట్టకండి, చుట్టూ సన్న డ్రిల్ రంధ్రాలు వేసి లాగండి. పైన నీళ్లు నిలవకుండా వాలు ఇవ్వాలి.

రంగుకు మంచి కాలం అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి. గాలిలో తేమ 85 శాతం మించితే వేయొద్దు. ఎండాకాలం పది దాటాక ఇనుము చేయి పెట్టలేనంత కాలుతుంది, రంగు పరచుకోకముందే ఆరి బుడగలు తేలుతుంది. తుప్పు పూర్తిగా పోయేదాకా శుభ్రం చేసి, నాలుగు గంటల లోపు తొలి పొర పడాలి. ఇసుక బ్లాస్టింగు వద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, ఇసుకకు బదులు గార్నెట్ రాతి రవ్వ వాడమనండి. జింక్ ఫాస్ఫేట్ ఎపాక్సీ ప్రైమరు రెండు పొరలు, ఒక్కోటి 75 మైక్రాన్లు. పొరకు ముందు అంచులు, బోల్టు తలలు, ఆకుల మడతలు బ్రష్‌తో విడిగా దిద్దాలి, రంగు పలచబడేది అక్కడే. పైన పాలీయురెథేన్ వేయాలి, ఎపాక్సీ ఒక్కటే అయితే ఎండకు సున్నంలా పొడి రాలుతుంది. పాత నూనె రంగు కొంత అలాగే ఉంచుతుంటే ఎపాక్సీ వద్దు, దాని ద్రావకం కింది రంగును లేపుతుంది. అక్కడ ఆల్కిడ్ ప్రైమరు, ఎనామిల్ సరి. ముక్కలు కలిసే సందులను పాలీసల్ఫైడ్ సీలెంట్‌తో మూయండి, నీళ్లు బయటికి పోయేందుకు వదిలిన రంధ్రాలను మాత్రం మూయకండి.

మొదటి వానాకాలం అయ్యాక మూడుచోట్ల చూడండి. కంబం మొదట్లో గోధుమరంగు చార కనిపిస్తే సీసం పక్కన సందు పడినట్టు. అదే నెలలో మళ్లీ కొట్టి బిగించి రంగు దిద్దాలి. నేలను రూపాయి బిళ్లతో మళ్లీ తట్టి కొత్త డొల్లలను పటం మీద చేర్చండి. టైళ్ల మీద తెల్లటి నూగు తేలితే భయపడనక్కర్లేదు, మొదటి ఏడాది ఉప్పు పైకి రావడం మామూలే. పొడి బ్రష్‌తో ఊడ్చి చేటలోకి ఎత్తి బయట పారేయండి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి తిరిగి టైలు లోపలికే పోతుంది.